బాగుపడ్డోళ్ళు మళ్ళ వార్డుకు రారు

(మాదకద్రవ్యాల వ్యతిరేక దినం నాడు నల్లగొండలో నర్సులు, కౌన్సెలర్లు, నర్సింగు విద్యార్థుల సభలో, పాలమూరు నుంచి వచ్చిన ఒక సీనియర్ స్టాఫ్ నర్సు మాట్లాడిన మాటలు. రికార్డు విని రాసింది.)

అందరికీ నమస్కారం. పొద్దున క్లాక్ టవర్ కాడికి ర్యాలీ పోయొచ్చిన పిల్లలు ఇంకా చెమట ఆరకముందే వచ్చి కూసున్నరు. ముందుగాల నీళ్ళు తాగండి. ఫ్యాను కిందికి జరగండి.

జూన్ 26 ఏటేటా వస్తది. ఐక్యరాజ్యసమితి 1987లో ఈ రోజును నిర్ణయించింది. ఆ రోజు బ్యానర్లు పట్టుకుంటం, ప్రతిజ్ఞ చేస్తం. తాగేటాయన గురించి మాట్లాడతం, ఆయన ఇంటామె గురించి, పిల్లల గురించి మాట్లాడతం. మాట్లాడాల్సిందే. కానీ రాత్రి రెండు గంటలకు ఆ మనిషి చేతులు వణుకుతుంటే పక్కన నిలబడి నీళ్ళ గ్లాసు పట్టుకునే మనిషి ఒకరు ఉంటరు. ఆ మనిషి గురించి ఇన్నేండ్లలో ఒక్క సభలో మాట్లాడంగ నేను వినలేదు. ఇయ్యాల నన్ను పిలిచినోళ్ళు "మీకు నచ్చిన సంగతి మాట్లాడండమ్మా" అన్నరు. నాకు ఈ సంగతే కావాలె. మత్తు మాన్పించే వార్డులు, సెంటర్లలో పనిచేసే మనం ఈ పనిలో సంతోషంగ ఉన్నమా? లేకపోతే ఎందుకు లేము?

ఈ వార్డు నేను కోరుకున్నది కాదు. డ్యూటీ లిస్టులో పేరు పడ్డది, పోయిన. మీలో ఎంతమంది అడిగి మరీ డీ-అడిక్షన్‌కు వచ్చిన్రు? చేతులెత్తండి. (హాల్లో రెండు చేతులు లేచాయి.) ఇద్దరు. ఆ ఇద్దరికీ నా దండం. మిగిలిన మనమంతా పడేస్తే పడ్డోళ్ళమే. అసంతృప్తి అక్కడి నుంచే మొదలైతది. "ఏం తప్పు చేసినవే, ఆ వార్డుకేసిన్రు?" అని తోటి నర్సులే అడుగుతరు. నన్ను కూడ అడిగిన్రు. నా కాడ జవాబు లేకుండె.

నాకు ఈ పని నేర్పింది 2015 సెప్టెంబరు. మీలో పెద్దోళ్ళకు యాదికుంటది. పాలమూరు, నిజామాబాదు, మెదక్ జిల్లాలలో కల్తీ కల్లు మీద ఎక్సైజువాళ్ళు గట్టిగ పడ్డరు. చెట్టు కల్లు తాగేటోళ్ళకు దానితోని ఏం కాలేదు. మందు కల్లు తాగేటోళ్ళ సంగతి వేరే. దాంట్లో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలుపుతరు. ఏండ్లకేండ్లు తాగినోళ్ళకు తాము కల్లు తాగుతున్నమనే తెలుసు గానీ నిద్రమాత్రల పొడి తాగుతున్నమని తెల్వదు. అది మెదడుకు బ్రేకు అసుంటిది. రోజూ బయట నుంచి బ్రేకు పడుతుంటే లోపలి బ్రేకు పనిచెయ్యుడు మరుస్తది. బయటిది ఒక్కనాడు తీసేస్తే బండి ఆగదు. హైదరాబాదుల ఉన్న ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఊర్లకు ఊర్ల నుంచి జనం పోయిన్రు. మా జిల్లాలో ఉన్న ఆసుపత్రుల వరండాలు నిండిపోయినయి.

ఆ రాత్రుల గురించి ఎక్కువ చెప్తే నాకు గొంతు పడతది, కొంచెమే చెప్త. మంచానికి ఇద్దరు, కింద చాపల మీద ఇంకొందరు. ఒకరికి ఫిట్స్ తగ్గకముందే ఇంకొకరికి మొదలు. గోడ మీద పురుగులు పాకుతున్నయని చీపురడిగే మనిషి ఒకాయన. ఒక ముసలామె నా చెయ్యి గట్టిగ పట్టుకొని "బిడ్డా, మేకలను లోపలికి తోలు, నక్కలొచ్చినయి" అని తెల్లారేదాకా అడిగింది. మేకలు అమ్ముకొని పదేండ్లయిందని కొడుకు చెప్పిండు. ఆయనకు తల్లి మీద కోపం, సిగ్గు. అవతలికి తిరిగి నిలబడ్డడు. నేను "తోలిన అవ్వా, తలుపేసిన" అన్న. అప్పుడు నా చెయ్యి ఇడిచింది.

డాక్టర్లు మందు మోతాదు కట్టి రోజురోజుకు తగ్గించుకుంట వచ్చిన్రు. ఐదో రోజు పొద్దున ఆ అవ్వ మంచం మీద కూసొని స్టీలు గ్లాసులో చాయ్ తాగింది. గ్లాసు వణకలేదు, చాయ్ ఒలకలేదు. నన్ను చూసి "నువ్వెవరి బిడ్డవు?" అన్నది. మేకల సంగతి ఆమెకు యాదికి లేదు. నేను నర్సింగు చేసిన ఏ వార్డులో కూడ ఇంత తక్కువ రోజుల్లో మనిషి మనిషిగ తిరిగొచ్చుడు చూడలేదు. విరిగిన కాలు అతకాలంటే నెలలు పడతది. పక్షవాతం వచ్చిన చెయ్యి లేస్తదో లేవదో తెల్వదు. ఇక్కడ ఐదు రోజుల కింద నక్కలను చూసిన మనిషి చాయ్‌లో చక్కెర తక్కువైందని నా మీద అలుగుతది. నర్సుకు అంతకన్నా ఏం కావాలె? ఈ పనిలో సంతోషం లేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ఉన్నది. నేను తాగిన చాయ్ కన్నా ఆమె తాగిన చాయ్ నాకు తియ్యగ ఉండె.

మరి ఆ సంతోషం ఎటు పోతది?

కోస్గి దిక్కు మేస్త్రీ ఒకాయన. పూణేకు వలస పోతుండె, వస్తుండె. ఆయనది కల్లు కాదు, సారా, విస్కీ, ఏది దొరికితే అది. మొదటిసారి వచ్చినప్పుడు నేనే బి1 విటమిన్ ఇంజక్షన్ ఇచ్చిన, నేనే దగ్గర కూసొని తినిపించిన. పదిహేను రోజులకు మంచిగై పోయిండు. ఆరు నెలలకు మళ్ళొచ్చిండు. మళ్ళ చేసినం. ఇంకోసారి వచ్చిండు. నాలుగోసారి వచ్చేనాటికి నాకు నైట్ డ్యూటీలు వరుసగ పడ్డయి, ఇద్దరు చెయ్యాల్సిన పని ఒక్కదాన్నే చేస్తున్న. ఆయనను చూడంగనే నోట్లె నుంచి మాట వచ్చింది: "ఎన్నిసార్లొస్తవయ్యా, నీకు సిగ్గనిపించదా?" ఆయన పక్కన బిడ్డ ఉన్నది, ఏడో ఎనిమిదో చదివే పిల్ల, చేతిలో బట్టల సంచి. ఆ పిల్ల నా దిక్కు చూసి మెల్లగ అన్నది: "సిస్టరమ్మా, ఈసారి నాయినే పోదాం పా అన్నడు."

ముందు మూడుసార్లు వాళ్ళు ఆయనను గుంజుకొచ్చిన్రు. నాలుగోసారి ఆయనంతట ఆయనే బయలుదేరిండు. ఆరు గంటలు బస్సులలో కూసొని వచ్చిండు. ఆ రోజు ఆ వార్డులో జరిగిన పెద్ద మంచి పని అదే. నేను దాన్ని తిట్టిన. ఆ పిల్ల మొఖం నాకిప్పటికీ కనబడతది.

నేను చెడ్డదాన్ని కాబట్టి ఆ మాట అనలేదు. మొద్దుబారిపోయిన కాబట్టి అన్న. దానికి ఒక పేరుందని తర్వాత తెలిసింది. 1974లో న్యూయార్క్‌లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మానసిక నిపుణుడు రాసిండు. పగలు సొంత క్లినిక్ చూసుకొని, రాత్రి పేదల కోసం నడిపే ఉచిత క్లినిక్‌లో పనిచేసేటోడు. అక్కడికి వచ్చేటోళ్ళలో మత్తుకు బానిసైన యువకులు చాలామంది. కొన్ని నెలలు పోయేసరికి ఆయనకు, తోటి వాలంటీర్లకు లోపల ఏదో కాలి బూడిదైనట్టు అయిపోయింది. మత్తుతో పూర్తిగ పాడైన మనుషులను అక్కడ 'బర్న్‌ అవుట్' అనేటోళ్ళు. ఆయన ఆ మాటను తీసి వైద్యం చేసేటోళ్ళకు పెట్టిండు. ఇయ్యాల సాఫ్ట్‌వేర్ ఆఫీసులలో అందరూ వాడే ఈ మాట మన అసుంటోళ్ళ వార్డులోనే పుట్టింది. ఇది తెలిసినప్పుడు నాకు ఏడుపొచ్చింది, ధైర్యం కూడ వచ్చింది. నా ఒక్కదాని గుణం కాదు ఇది.

తర్వాత క్రిస్టినా మాస్లాక్ అనే ఆమె, ఇంకొకామెతోని కలిసి 1981లో దీన్ని కొలిచే ప్రశ్నలు తయారుచేసింది. మూడు సంగతులు చూస్తరు. మనసు అలిసిపోవుడు ఒకటి. ఎదుటి మనిషి మనిషిగ కాకుండ కేసుగ కనబడుడు ఇంకొకటి. నా వల్ల ఏం కాలేదు అనిపించుడు మూడోది. మీ వార్డులో పొద్దున హ్యాండోవర్, అంటే డ్యూటీ దిగేటోళ్ళు ఎక్కేటోళ్ళకు పేషెంట్లను అప్పజెప్పే మాటలు, వినండి. "ఏడో నంబరు మళ్ళొచ్చిండు" అంటున్నరా, పేరు పెట్టి చెప్తున్నరా? నాకు ఇప్పుడు ఆ ఒక్క ముక్కతోనే తెలిసిపోతది, ఆ వార్డులో నర్సులు ఎట్ల ఉన్నరో.

ఇగ బాధల సంగతి. ఇవి దాచుకుంటే పోవు, చెప్పాలె.

జీతం. ఒక సెంటర్ పేరు చెప్పను. అక్కడ పనిచేసే కౌన్సెలర్ అమ్మాయికి ఐదు నెలలు జీతం పడలేదు. అడిగితే "ఇది సేవ కదమ్మా" అన్నరట. సేవ చేసే అమ్మాయి ఇంటి కిరాయి కట్టొద్దా? ఆమె దేవరకొండ నుంచి రోజూ బస్సుకు వస్తది. కండక్టరు సేవ అని టికెట్ మాఫ్ చేస్తడా? అవుట్‌సోర్సింగులో పనిచేసే వార్డు బాయ్‌లది, సెక్యూరిటీవాళ్ళది అంతకన్నా అధ్వానం. తిక్కలో ఉన్న మనిషి మంచం దిగి ఉరికితే పట్టుకునేది వాళ్ళే, గుద్దులు తినేది వాళ్ళే, ఏడాదికొకసారి ఉద్యోగం ఉంటదో ఊడుతదో అని భయపడేది వాళ్ళే.

మనుషులు తక్కువ. మన దేశంలో లక్ష మంది జనాభాకు ఒక్క మానసిక వైద్యుడు కూడ నిండుగ లేడు. ముప్పావు మనిషి లెక్క వస్తది. మనసు జబ్బులు చూసే శిక్షణ ఉన్న నర్సులు కూడ చాలరు. అందుకే పేషెంటు దగ్గర కూసొని మాట్లాడే పని మొదట ఎగిరిపోతది. ఇంజక్షన్ ఇస్తం, షీటు నింపుతం, పోతం. మాట్లాడుడే ఇక్కడ సగం మందు.

మర్యాద. మా వార్డు ఆసుపత్రిలో అన్నిటికన్నా వెనక ఉంటది. చాలా చోట్ల అంతే. వేరే డిపార్ట్‌మెంటు నుంచి ఒక మాట రాసి పంపుతరు, "ఆల్కహాలిక్" అని. ఆ మాటతోని ఆ మనిషికి ఉన్న షుగరు, కాలేయం, విరిగిన పక్కటెముక అన్నీ మాయమైతయి. మనకు కూడ అదే మరక అంటుకుంటది. నకిరేకల్ దిక్కు కౌన్సెలర్ తమ్ముడు ఒకడు ఎం.ఎస్.డబ్ల్యు. చదివి మంచి మనసుతోని వచ్చిండు. పెండ్లి సంబంధం కుదిరి తప్పిపోయింది. పిల్లనిచ్చేటోళ్ళు "తాగుబోతుల నడుమ పనిచేసేటోనికి అలవాటు కాకుంటదా" అన్నరు. ఆ పిల్లగాడు ఏడాది తిరగకముందే పని ఇడిచిపెట్టి మందుల కంపెనీలో చేరిండు. నేను ఆపలేకపోయిన.

ఇంకొక బాధ ఉన్నది, దీన్ని ఎవరూ లెక్కలో వెయ్యరు. పదిహేను రోజులు కష్టపడి మనిషిని నిలబెట్టి గేటు దాటిస్తం. గేటుకెదురుగ వైన్స్. ఆయన ఊర్లో కిరాణం కొట్టు వెనక బెల్టు షాపు. దసరా వస్తది, చావు దినాలు వస్తయి, ఎన్నికలొస్తయి, ప్రతిదానికి మందే. మనం ఒక చెంబుతోని నీళ్ళు తోడుతుంటే అవతల ఇంకెవరో మోటారుతోని నింపుతున్నరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పదిహేనేండ్లు దాటిన మగవాళ్ళలో 43 శాతం మంది మద్యం తాగుతరని తేలింది. ఆడవాళ్ళలో దాదాపు 7 శాతం. దేశంలో ఇంత మంది ఆడవాళ్ళు తాగే రాష్ట్రాలు తక్కువ. మన పల్లెలలో ఆడవాళ్ళు కల్లు తాగుడు కొత్త కాదు, నాటుకు పోయొచ్చి నడుములు పడిపోతే ఒక సీసా తాగి పండుకుంటరు. తప్పు వాళ్ళది కాదు, సీసాలో ఏమున్నదో వాళ్ళకు తెల్వదు. కానీ మత్తు విడిపించే వార్డులు మగవాళ్ళ కోసం కట్టినయి. ఆడమనిషి వస్తే జనరల్ వార్డులో ఒక మూలకు మంచం వేస్తం, చుట్టు పక్కలోళ్ళు మొఖం మీదనే అంటరు. ఆమె మూడో రోజే సంతకం పెట్టి పోతది. ఇది చూసిన నర్సు ఇంటికి పోయి అన్నం తినగలదా? ఈ సంగతి మీద వేరే సభ పెట్టాలె, పెట్టమని ఇక్కడున్న పెద్దలను అడుగుతున్న.

సరే. ఇవన్నీ తీరినయి అనుకుందాం. ఒకటో తారీకు జీతం పడ్డది, ఇద్దరి పని ఇద్దరే చేస్తున్నరు, గేటు కాడ గార్డు ఉన్నడు. అప్పుడు మనకు పనిలో సంతోషం వస్తదా?

దీని మీద ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే ఆయన 1959లో చెప్పిన సంగతి నాకు చాలా పనికొచ్చింది. ఆయన ఇంజనీర్లను, అకౌంటెంట్లను అడిగిండు: మీ పనిలో బాగా సంతోషపడ్డది ఎప్పుడు, బాగా బాధపడ్డది ఎప్పుడు అని. బాధ గురించి చెప్పినప్పుడు జీతం, పై అధికారి, పని చేసే చోటు, ఇవి వచ్చినయి. సంతోషం గురించి చెప్పినప్పుడు వేరేవి వచ్చినయి: సాధించినం అనిపించుడు, గుర్తింపు, ఆ పనే. అంటే ఇవి రెండు వేరు వేరు కుండలు. ఒకదాంట్లో బాధ తీసేస్తే ఇంకోదాంట్లో సంతోషం నిండదు. దీన్ని పట్టుకొని ఏ అధికారన్నా "జీతం ముఖ్యం కాదన్నరు కదా" అంటే ఊకోకండి. ఆ కుండ ఖాళీ చెయ్యాల్సిందే, అది వాళ్ళ బాధ్యత, రాసి ఇవ్వండి, మళ్ళ మళ్ళ రాసి ఇవ్వండి. నేను ఇప్పుడు చెప్పబోయేది రెండో కుండ గురించి.

మనకు సాధించినం అని ఎందుకు అనిపించదు? నేను చాలా రోజులు అనుకున్న, ఎవ్వరూ మానరు కాబట్టి అని. మన వార్డులో పదేండ్లు చేసిన ఏ నర్సునన్నా అడగండి. "అంతా వట్టిదే, ఎవ్వడు మానడు, మళ్ళొస్తడు" అంటది. అబద్ధం చెప్తలేదు, తను చూసిందే చెప్తున్నది.

ఒకనాడు దేవరకద్ర సంతకు పోయిన, మా అన్నకు మేకపిల్లలు కావాలంటే తోడు. అక్కడ ఒక మనిషి కనబడ్డడు. తెల్ల అంగీ, మంచిగ గడ్డం చేసుకున్నడు, పక్కన ఒక యువకుడు. గుర్తుపట్టిన. మూడేండ్ల కింద మా వార్డులో ఫిట్స్‌తోని వచ్చి నాలుక కొరుక్కున్న మనిషి. "ఏమయ్యా, మంచిగున్నవా" అని ఎదురుపోయిన. ఆయన నా దిక్కు చూసి, చూడనట్టు మొఖం తిప్పుకొని పోయిండు. నాకు మనసు విరిగింది. రాత్రులు మేల్కొని చేస్తే గింత మర్యాద కూడ లేదా అనిపించింది. మేకపిల్లల బేరం సగంలో ఉన్నది, నాకు ఏం వినబడతలేదు. కొంచెం సేపటికి ఆయన ఒక్కడే వెనకకు వచ్చిండు, గబగబ. "అమ్మా, తప్పు పట్టకు. ఎంట ఉన్నది కొత్త అల్లుడు. వాళ్ళకు తెల్వదు. నేను తాగక మూడేండ్లయింది" అని చేతులు జోడించి మళ్ళ ఉరికిండు.

ఆ రోజు నాకు అర్థమైంది. మన పని నిజంగ ఫలిస్తే ఆ మనిషి మనను గుర్తుపట్టనట్టే పోతడు. బాగుపడ్డోళ్ళు వార్డుకు రారు. బాగుపడనోళ్ళు మళ్ళ మళ్ళ వస్తరు. నాలుగుసార్లు వచ్చిన ఒక్క మనిషి నాలుగు మంచాలుగ మన కండ్లల్ల నిలబడతడు, మానేసి పోయిన నలుగురు ఒక్క మంచంగ కూడ నిలబడరు. దీని మీద 1984లోనే పెట్రిషియా కోహెన్, జేకబ్ కోహెన్ అనే ఇద్దరు రాసిన్రు. వైద్యులకు కలిగే భ్రమ అన్నరు దీన్ని: ఎక్కువ కాలం జబ్బుతో ఉండేటోళ్ళే మన ముందర ఎక్కువ కనబడతరు కాబట్టి జబ్బు ఉన్నదానికంటే మొండిదిగ అనిపిస్తది. నర్సమ్మ చెప్పింది అబద్ధం కాదన్న కదా. ఆమె చూసింది నిజమే, ఆమె నిలబడ్డ చోటు నుంచి కనబడేది అంతే.

మానినోళ్ళు మళ్ళ తాగుడు మొదలుపెట్టుడు గురించి కూడ ఒక మాట. 2000లో అమెరికా వైద్య సంఘం పత్రికలో మెక్‌లెల్లన్, ఇంకో ముగ్గురు డాక్టర్లు లెక్క చూపించిన్రు. మత్తుకు వైద్యం తీసుకున్నోళ్ళలో 40 నుంచి 60 శాతం మంది మళ్ళ జారుతరు. బీపీ, ఉబ్బసం ఉన్నోళ్ళలో మందు తప్పి జబ్బు మళ్ళ తిరగబడేది 50 నుంచి 70 శాతం. బీపీ మళ్ళ పెరిగి వచ్చినాయనను మనం "నీకు సిగ్గు లేదా" అనం. మోతాదు సరిచూస్తం, ఉప్పు తగ్గించుమంటం. ఆ నర్సు ఇంటికి పోయి "నా వల్ల ఏం కాలేదు" అని ఏడ్వదు. మనం ఏడుస్తం. జబ్బు ఒకే తీరుది, మన మనసులల్ల దాన్ని రాసుకున్న తీరు వేరే.

ఇంకొక లెక్క నాకు బలమిస్తది. 2019లో బయటికొచ్చిన ఎయిమ్స్ జాతీయ సర్వేలో, మద్యానికి బానిసైనోళ్ళలో 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందిందని తేలింది. ఆసుపత్రిలో చేరి వైద్యం తీసుకున్నది 180 మందిలో ఒక్కరు. నా ముందర మంచం మీద కూసున్న మనిషి ఆ నూట ఎనభైలో ఒక్కడు. ఎంత దూరం దాటి వచ్చిండో అనుకుంటే ఆ మేస్త్రీని నేను అట్ల అనకపోతుంటి.

అప్పటి నుంచి మేం ఒక పని మొదలుపెట్టినం. పెద్ద పథకం ఏం కాదు, రెండు వందల పేజీల నోటుబుక్కు. డిశ్చార్జి నాడు మనిషిని కూసోబెట్టి అడుగుతం: నెలకు, మూడు నెలలకు, ఏడాదికి ఒకసారి ఫోన్ చెయ్యొచ్చా? ఏ నంబరుకు చెయ్యాలె? వేరేటోళ్ళు ఎత్తితే ఏం చెప్పాలె, ఏం చెప్పొద్దు? వద్దన్నోళ్ళ పేరు రాయం. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో మత్తు జబ్బులు కూడ వస్తయి, ఆ మనిషి గుట్టు కాపాడుడు మన మర్యాద ఒక్కటే కాదు, ఆయన హక్కు. దేవరకద్రలో నేను చేసింది తప్పే. సంతలో అట్ల పలకరించొద్దు.

శనివారం మధ్యాహ్నం రెండు నుంచి మూడు, ఒక నర్సు ఫోన్ల కాడ కూసుంటది. మొదటి శనివారం నేనే కూసున్న. పదకొండు నంబర్లు. కొన్ని స్విచాఫ్. ఒక నంబరుకు భార్య ఎత్తి ఆయన పోయిండని చెప్పింది, ఇద్దరం కొంచెం సేపు ఏం మాట్లాడలేదు. ఒకాయన తాగి ఉండే ఎత్తిండు, "రేపొస్త సిస్టరూ" అన్నడు, నిజంగనే ఎల్లుండి వచ్చిండు. మిగిలినోళ్ళలో ముగ్గురు మానేసి ఉన్నరు. ముగ్గురు! వాళ్ళ పేర్లు కూడ నాకు యాదికి లేకుండె, నోటుబుక్కులో చూసి చదివిన. అందులో ఒకాయన "ఇన్ని రోజులకు మీకు నేను యాదికొచ్చిన్నా అమ్మా" అని అడిగిండు. ఆ ముగ్గురి ముచ్చట మరునాడు హ్యాండోవర్‌లో చెప్పిన. వార్డు బాయ్ అయిన అన్న కండ్లు తుడుచుకున్నడు, ఆ ముగ్గురిలో ఒకాయనను అప్పట్ల పట్టుకోబోయి ఈ అన్న చెయ్యి బెణికి ఉండె.

నేను అడిగేది ఇదే. పై అధికారులకు నివేదికలో ఎంతమంది చేరిన్రు, ఎంతమంది డిశ్చార్జి అయిన్రు అని రాస్తం. దాంతోని మన చెమట లెక్క తేలదు. ఏడాది తర్వాత ఎట్లున్నరో అడిగే పనికి వారంలో ఒక గంట డ్యూటీలో కలపండి, ఆ ఫోన్ బిల్లు ఆసుపత్రి కట్టాలె, ఆ ముచ్చట వార్డు బాయ్ దాకా చేరాలె. మేం మొదట సొంత ఫోన్లతోనే చేసినం. అట్ల చెయ్యకండి. రాత్రి పదకొండుకు ఫోన్లొస్తయి, ఇంట్లో పిల్లలు లేస్తరు, మళ్ళ అలసట అక్కడి నుంచే మొదలైతది.

ఇప్పుడు మీరు అడగండి.

(ఒక స్టాఫ్ నర్సు: "పోయిన నెల ఒక పేషెంటు నన్ను కొట్టిండు మేడమ్. ఎవరికీ చెప్పలేదు. చెప్తే నాదే తప్పంటరని.")

నీది తప్పు కాదు. రెండు తీర్లుంటయి తల్లీ. తిక్కలో ఉన్న మనిషి, తాగుడు ఆగిన రెండో రోజో మూడో రోజో, నిన్ను నిన్నుగ చూస్తలేడు, ఏ నక్కో పులో అనుకుంటున్నడు. ఆయన మీద కోపం పెట్టుకోవద్దు. కానీ ఆ రోజు నువ్వు ఒక్కదానివే ఎందుకున్నవు? అది అడగాలె. తాగొచ్చి దబాయించే చుట్టాల సంగతి వేరే. ఆసుపత్రి సిబ్బంది మీద చెయ్యి చేసుకుంటే శిక్ష వేసే చట్టం 2008లోనే ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది. ఏ తీరుదైనా గానీ ఆ రోజే కాగితం మీద రాసి ఇవ్వు, తారీకు, టైము వెయ్యి. రాయని దెబ్బ జరగనట్టే లెక్క. ఇంటికి పోయి మీ ఇంటాయనకు కూడ చెప్పు. దాచుకుంటే రాత్రి నిద్రలో కొడతది అది.

(వెనక వరుసలో ఒక నర్సింగు విద్యార్థిని: "మా నాయిన తాగుతడక్కా. నేను ఈ వార్డులో పనిచెయ్యొచ్చా?")

చెయ్యొచ్చు బిడ్డా. మన దాంట్లో చాలామంది అసుంటి ఇండ్ల నుంచే వచ్చినం, చెప్పుకోం అంతే. నీకు అందరికన్నా ముందే కొన్ని సంగతులు తెలుసు. వాకిట్లో చెప్పుల చప్పుడు విని ఎంత తాగొచ్చిండో చెప్తవు. అది చదువుతో రాదు. కానీ ప్రతి మంచం మీద మీ నాయిననే కనబడతడు, కొందరి మీద ఊకెనే కోపమొస్తది, కొందరిని ఇడిచిపెట్టలేవు. వార్డు ఇన్‌చార్జికి ముందే చెప్పు, ఆమెను నమ్మగలిగితేనే చెప్పు. నీ మనసు బరువైతే 14416కు చెయ్యి, అది టెలీ మానస్, మనసు బాధలు వినే సర్కారు ఫోను, తెలుగులో మాట్లాడతరు, పైసలు పడవు. నాయిన సంగతికి 14446 ఉన్నది, మత్తు మానేటందుకు సలహా చెప్పే నంబరు. నాయినకు నువ్వు నర్సువు కావద్దు, ఆయనకు బిడ్డగనే ఉండు. ఆయనను వేరేటోళ్ళ చేతికి అప్పజెప్పాలె. ఇక్కడ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యం ఓపీ ఉన్నది కదా, ఆయన పోదాం పా అన్ననాడు అక్కడికి తీసుకపో. అనకపోతే, అనేదాకా నువ్వు చదువు ఆపొద్దు.

ఏడ్వకు. సభ అయినంక నా కాడికి రా, మాట్లాడదాం. నా బస్సు ఐదున్నరకు, టైముంది. పక్కన కూసున్న బిడ్డా, ఆ సీసా ఇటియ్యి, ఆమెకు కొంచెం నీళ్ళు తాపు.